బ్లేడు నుండి కంప్యూటరు వరకు: ధ్వని కూర్పు కథ

నేడు రేడియోలో గాని, సినిమాలో గాని, చేతిలోని ఫోనులో గాని వినవచ్చు పాటలలో ఒకే మారు పాడి ముగించినవి మిక్కిలి అరుదు. పల్లవి ఒకనాడు, చరణము మరియొకనాడు పాడియుండవచ్చును. వేణువు ఒక నగరములో, వయొలిన్ల బృందము వేరొక నగరములో ధ్వనిముద్రితమై యుండవచ్చును. గాయకుడు ఒక మాటను నాలుగు మార్లు పలికినచో, వానిలో రెండవ దాని మొదటి అక్షరమును, నాలుగవ దాని చివరి అక్షరమును తీసి ఒకటిగా అతికి యుండవచ్చును. వినువారికి ఈ అతుకులలో ఒక్కటియు తెలియదు. ఈ పని అంతయు కంప్యూటరు తెరపైన జరుగును. దీనికై వాడు సాఫ్ట్‌వేరును డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషను అందురు. ధ్వనిని పట్టుట, దాచుట, కోయుట, అతుకుట, పెక్కు ధ్వనులను పాళ్లు చూచి కలుపుట — మునుపు ఒక భవనమంత స్టూడియోలో పలువురు పలు యంత్రములతో చేయుచుండిన పనులన్నియు ఇందులో ఒక్క చోటికి చేరినవి.

దీని చరిత్రను చెప్పువారు సాధారణముగా యంత్రముల ధర తగ్గుటను, పరిమాణము చిన్నదగుటను వర్ణించి ఊరకుందురు. అది నిజమే. కాని ఈ చరిత్రలో అంతకంటె ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. ధ్వనిని కోయుట అనగా పూర్వము ఒక వస్తువును కోయుట. కోసినచో జాడ మిగులును. తప్పు కోసినచో నష్టము తీరదు. నేడు కోత అనునది ఒక ఆజ్ఞ మాత్రమే. అసలు ధ్వని ఎచ్చట నున్నది అచ్చటనే చెక్కుచెదరక యుండును. ఈ మార్పు ఎట్లు వచ్చినది, దానివలన విన్నదానిని నమ్ముట అను విషయమున ఏమి జరిగినది అనునవి తెలిసికొనదగినవి.

టేపు, బ్లేడు

ధ్వనిముద్రణ తొలిదినములలో కోతకే తావు లేదు. ఫ్రాన్సు దేశస్థుడగు స్కాట్ దె మార్తెన్‌విల్ 1857లో కనిపెట్టిన యంత్రము మసి పూసిన కాగితముపై ధ్వని కంపనములను గీతగా గీయుచుండెను. ఆ గీతను మరల పలికించు ఉపాయము ఆయనకు లేకపోయెను. (ఆయన 1860లో గీసిన ఒక పాటను 2008లో అమెరికా పరిశోధకులు కంప్యూటరు సాయముతో పలికించిరి. నూట నలువది ఎనిమిది సంవత్సరములు ఆ పాట మూగగా నుండెను!) ఎడిసన్ 1877లో తగరపు రేకుపై ధ్వనిని పట్టి తిరిగి వినిపించెను. పిమ్మట మైనపు గొట్టములు, గ్రామఫోను పళ్లెములు వచ్చినవి. వీనిలో దేనియందైనను గాడిలో పడిన ధ్వని పడినట్లే యుండును. తప్పు పాడినచో మొదటి నుండి మరల పాడవలసినదే.

డెన్మార్కు ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కుతీగపై ధ్వనిని అయస్కాంత రూపమున నిలుపవచ్చునని చూపెను. 1928లో జర్మనీయందు ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీపై అయస్కాంత పదార్థపు పొడిని పూసి టేపును తయారుచేసెను. దాని ఆధారముగా నిర్మితమైన మాగ్నెటోఫోన్ అను యంత్రము 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనమున ప్రజల ముందునకు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట జాక్ మల్లిన్ అను అమెరికా సైనికోద్యోగి ఇట్టి యంత్రములు రెండింటిని విడగొట్టి, భాగములుగా స్వదేశమునకు పంపి, తిరిగి బిగించి 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించెను. అప్పటికి బింగ్ క్రాస్బీ అమెరికా రేడియోలో ప్రసిద్ధ గాయకుడు. ప్రతి వారము నిర్ణీత సమయమునకు స్టూడియోకు పోయి ప్రత్యక్ష ప్రసారము చేయుట ఆయనకు విసుగు పుట్టించెను. ముందుగా ముద్రించుకొని, తప్పులు దిద్దుకొని, తరువాత ప్రసారము చేయవచ్చునని తెలిసి ఆయన మల్లిన్‌ను పిలిపించుకొనెను. ఆంపెక్స్ అను చిన్న సంస్థకు టేపు యంత్రముల నిర్మాణమునకై 50,000 డాలర్లు ఇచ్చెను. 1948లో ఆ సంస్థ తొలి యంత్రములు వెలువడినవి.

టేపును కూర్చు విధానము చూడదగినది. స్టూడియో యంత్రములో టేపు సెకనుకు 15 అంగుళముల చొప్పున కదలును. అనగా సెకనులో అయిదవ వంతు కాలము పట్టు అక్షరము టేపుపై 3 అంగుళములు ఆక్రమించును. కూర్పు చేయువాడు రెండు చేతులతో టేపు చుట్టలను మెల్లగా ముందునకు వెనుకకు త్రిప్పుచు, హెడ్డువద్ద వినబడు మూలుగులో అక్షరము ఎచ్చట మొదలగుచున్నదో గుర్తించి, మైనపు పెన్సిలుతో అచ్చట గీత పెట్టును. పిమ్మట టేపును ఒక గాడి దిమ్మెలో నిలిపి బ్లేడుతో ఏటవాలుగా కోయును. ఏటవాలు ఎందులకనగా, నిలువుగా కోసినచో అతుకు హెడ్డును దాటునప్పుడు ‘టక్కు’మను చప్పుడు వచ్చును. పావు అంగుళము వెడల్పు గల టేపును 45 డిగ్రీల కోణముతో కోసినచో మొదటి ధ్వని తగ్గుచు రెండవది హెచ్చుట సెకనులో 60వ వంతు కాలము సాగును. చెవికి ఆ సంధి తెలియదు. ఇదియంతయు పుస్తకములు చదివి వచ్చు విద్య గాదు. బ్లేడు పట్టిన చేతికి అలవాటుపై వచ్చినది.

కత్తిరింపుతో పాటు కల్పనయు అప్పుడే ప్రవేశించెను. ఒకమారు క్రాస్బీ కార్యక్రమములో ఒక హాస్యగాడు కొంచెము మోటు కథలు చెప్పెను. ప్రేక్షకులు విరగబడి నవ్విరి. ప్రసారమునకు తగవని కథలను తీసివేసిరి గాని నవ్వులను భద్రపరచిరి. కొన్ని వారముల పిమ్మట నవ్వు రాని మరియొక కార్యక్రమములో ఆ నవ్వులను అతికిరి. ఈ కథను మల్లిన్ స్వయముగా చెప్పియున్నాడు. నేటి టెలివిజను హాస్యనాటికలలో వినబడు అతుకు నవ్వులకు వంశకర్త ఆ టేపు ముక్కయే.

ఆ కాలమున మద్రాసులోని స్టూడియోలలో తెలుగు సినిమా పాటలు రూపొందిన తీరు వేరు. గాయనీగాయకులు, వాద్యబృందము అందరును ఒకే చోట చేరి పలుమార్లు సాధన చేసి, పిమ్మట పాటను మొదటి నుండి చివరి వరకు ఒకే ఊపున ముద్రించుచుండిరి. చివరి చరణములో తబలా వాద్యకుడు ఒక్క దెబ్బ తప్పినను గాయకుడు మరల పల్లవి అందుకొనవలసినదే. ఆ పాటలలో వినబడు సమిష్టి ఉత్సాహమునకును, అప్పుడప్పుడు చెవికి తగులు చిన్న లోపములకును కారణమొక్కటే.

పాశ్చాత్య దేశములలో మాత్రము ఒకే టేపుపై పెక్కు ట్రాకులను వేరువేరుగా ముద్రించు యంత్రములు పెరిగినవి. గిటారు విద్వాంసుడు లెస్ పాల్ 1957లో ఆంపెక్స్ వారివలన ఎనిమిది ట్రాకుల యంత్రమును సంపాదించెను. 1970 దశకమునాటికి రెండు అంగుళముల టేపుపై 24 ట్రాకులు సామాన్యమాయెను. బ్లేడుతో చేయగల పనికి శిఖరమని చెప్పదగినది 1966 డిసెంబరులో లండన్ నగరమున జరిగెను. బీటిల్స్ బృందము ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ అను పాటను రెండు విధములుగా ముద్రించెను. రెండింటికి శ్రుతి వేరు, వేగము వేరు. జాన్ లెనన్‌కు మొదటి దాని ప్రారంభము, రెండవ దాని ముగింపు నచ్చినవి. రెండింటిని కలుపుమని నిర్మాత జార్జ్ మార్టిన్‌ను కోరెను. ఒక టేపు వేగమును హెచ్చించి, మరియొక దానిని తగ్గించి చూడగా అదృష్టవశమున శ్రుతియు లయయు ఒక్కచోట కలిసినవి. పాట మొదలైన సుమారు ఒక నిమిషమునకు ఆ అతుకు కలదు. తెలిసినవారు నేటికిని దానిని గుర్తుపట్టుదురు.

అంకెల వరుస

ఇంతవరకు చెప్పిన యంత్రములన్నిటను ధ్వని తరంగమునకు పోలిక గల మరియొక తరంగము — గాడి వంకరయో, అయస్కాంత బలపు హెచ్చుతగ్గులో — నిలువచేయబడుచుండెను. ఇంగ్లండు ఇంజనీరు అలెక్ రీవ్స్ పారిస్‌లో టెలిఫోను పరిశోధన చేయుచు 1937లో వేరొక మార్గము చూపెను. తరంగమును పంపనక్కరలేదు, సమాన వ్యవధులలో దాని ఎత్తును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా పంపిన చాలును. తీగలో ఎంత దూరము పోయినను, ఎంత రొద కలిసినను, ‘ఒకటి’ ‘సున్న’ అను రెండే సంకేతములను గుర్తించుట కష్టము గాదు. కావున అవతలివైపున అంకెలు చెడకుండ చేరును.

ఇందులో ఒక సందేహము కలుగును. సెకనుకు ఎన్ని మార్లు కొలిచినను కొలతకు కొలతకు నడుమ నున్న ధ్వని పోవును గదా? సినిమా ఫిలిములో సెకనుకు 24 బొమ్మలుండును. బొమ్మకు బొమ్మకు నడుమ జరిగినది పోయినదే, కన్ను మోసపోవుచున్నది. ధ్వని విషయము అట్టిది గాదు. బెల్ ప్రయోగశాలలకు చెందిన హారీ నైక్విస్ట్ 1928లో చేసిన పరిశోధనను ఆధారము చేసికొని, అచ్చటివాడే యగు క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువ మార్లు కొలిచినచో ఆ కొలతల నుండి అసలు తరంగమును సంపూర్ణముగా తిరిగి పొందవచ్చును. నడుమ పోవునది ఏమియు లేదు. మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకే వినగలదు. కావున సెకనుకు 40,000కు పైబడిన కొలతలు చాలును. అంకెల ధ్వని మెట్లుమెట్లుగా నుండునను అభిప్రాయము నేటికిని వ్యాపించియున్నది గాని, అది సరి కాదు. సంఖ్య ఎంత సూక్ష్మముగా నుండవలెననునది వేరు ప్రశ్న. 16 బిట్ల సంఖ్యలో 65,536 అంతరువు లుండును. ఒక్కొక్క బిట్టు చేర్చిన కొలది అతి మెల్లని ధ్వనికిని అతి బిగ్గరైన ధ్వనికిని మధ్యగల పరిధి సుమారు 6 డెసిబెల్స్ పెరుగును.

సిద్ధాంతము దొరికినను దానిని సంగీతమునకు వాడుకొను యంత్రము వెంటనే దొరకలేదు. బెల్ ప్రయోగశాలలలోనే మాక్స్ మాథ్యూస్ 1957లో ఐ.బి.ఎం. 704 అను పెద్ద కంప్యూటరుకు ఒక ప్రోగ్రాము వ్రాసి దానిచే 17 సెకనుల సంగీతమును పుట్టించెను. కంప్యూటరు న్యూయార్కులో, అంకెలను ధ్వనిగా మార్చు పరికరము న్యూజెర్సీలో నుండెను. అంకెల టేపును అచ్చటి నుండి ఇచ్చటికి తెచ్చి వినవలసి వచ్చెను. ఆ సంగీతము అందముగా లేదని మాథ్యూస్‌యే ఒప్పుకొనినాడు. కాని ఏ ధ్వనినైనను అంకెలుగా వ్రాయవచ్చునని అది ఋజువు చేసెను.

మైకునుండి వచ్చు సజీవ ధ్వనిని అంకెలుగా పట్టుటలో జపాను ముందడుగు వేసెను. అచ్చటి ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. 1967లో తొలి డిజిటల్ రికార్డరును నిర్మించెను. డెనాన్ సంస్థ 1972లో ఎనిమిది ట్రాకుల యంత్రమును స్టూడియో పనికి దింపెను. సెకనుకు వేలకొలది అంకెలను నిలుపగల సాధనము అప్పటికి టెలివిజను బొమ్మలను ముద్రించు వీడియో టేపు మాత్రమే. కాని ఒక చిక్కు వచ్చెను. వీడియో టేపును బ్లేడుతో ధ్వని కొరకు కోయుట దుస్సాధ్యము. అంకెల వరుస మధ్యలో తెగినచో యంత్రము గందరగోళపడును. ధ్వని నాణ్యము పెరిగెను, కూర్పు కష్టమాయెను.

సాల్ట్ లేక్ సిటీ యంత్రము

ఈ చిక్కును విప్పినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ స్టాక్‌హామ్. ఈయన మొదట మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోను, పిమ్మట యూటా విశ్వవిద్యాలయములోను అధ్యాపకుడు. ధ్వని కూర్పు చరిత్రలో ఈయన స్థానము విచిత్రమైనది. ఏలయన, కోత జాడను పట్టుకొనుటలోను, కోతకు జాడ లేకుండ చేయుటలోను ఈయనకు పాత్ర కలదు.

1973లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌పై వాటర్‌గేట్ విచారణ జరుగుచుండెను. 1972 జూన్ 20వ తేదీన అధ్యక్షుని కార్యాలయమున జరిగిన సంభాషణ టేపులో పదునెనిమిదిన్నర నిమిషముల మేర మాటలు లేవు. రొద మాత్రమే వినబడుచుండెను. ఇది పొరపాటున జరిగినదా అను ప్రశ్నను తేల్చుటకు ఆరుగురు నిపుణుల సంఘము ఏర్పడెను. స్టాక్‌హామ్ వారిలో నొకడు. వారు టేపుపై సన్నని అయస్కాంత రేణువులు గల ద్రవమును పూసి చూచిరి. చెరుపు హెడ్డు, ముద్రణ హెడ్డు మొదలైనప్పుడును ఆగినప్పుడును టేపుపై విడిచిన గుర్తులు కంటికి కనబడినవి. వానిని లెక్కించి, మాటలు ఒక్కమారుగా గాక కనీసము అయిదు వేరువేరు భాగములుగా చెరుపబడినవని, అందుకు యంత్రపు మీటలను చేతితో నొక్కియుండవలెనని 1974లో నివేదించిరి. చెరిపినవారెవరో నేటికిని తేలలేదు. కాని చెరిపిన చేయి టేపుపై తన ముద్రను విడిచి పోయెను.

ఆ దినములలోనే స్టాక్‌హామ్ మరియొక పని చేయుచుండెను. 1921లో మరణించిన ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో పాటలు మైకు లేని కాలమున పెద్ద కొమ్ము ద్వారా ముద్రింపబడినవి. ఆ కొమ్ము కొన్ని స్వరములను అతిగా మ్రోగించి కంఠమును వికృతము చేయుచుండెను. స్టాక్‌హామ్ ఆ పాటలను అంకెలుగా మార్చి, వాని సగటు స్వభావమును ఆధునిక ముద్రణతో పోల్చి, కొమ్ము దోషము ఎంతో లెక్కించి తీసివేసెను. ఈ విధముగా శుద్ధియైన పాటలు 1976లో వెలువడినవి.

1975లో ఆయన సౌండ్‌స్ట్రీమ్ అను సంస్థను సాల్ట్ లేక్ సిటీలో స్థాపించెను. తన రికార్డరు పట్టిన ధ్వనిని కూర్చుటకై ఆ సంస్థ 1970 దశకము చివర ఒక యంత్ర సముదాయమును సమకూర్చెను. అందులో పి.డి.పి.-11/60 అను మధ్యతరహా కంప్యూటరు, 14 అంగుళముల పళ్లెములు గల హార్డు డిస్కు, ధ్వని తరంగము ఆకారమును చూపు తెర, ఆజ్ఞలు టైపు చేయుటకు కీలబల్ల ఉండెను. తొలి డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషను ఇదియేయని పలువురు చెప్పుదురు. నేటి సాఫ్ట్‌వేరు తెరపై కనబడు కెరటముల వంటి గీతకు ఆ తెరయే మూలము. చెవితో వెదకిన కోతస్థానమును కంటితో చూచుట అప్పుడు మొదలాయెను.

ఇందులో డిస్కు పాత్ర గమనింపదగినది. టేపులో పదవ నిమిషపు ధ్వని కావలెనన్నచో తొమ్మిది నిమిషముల టేపును త్రిప్పవలెను. డిస్కుపై ఏ చోటికైనను హెడ్డు వెంటనే పోగలదు. కావున ధ్వనిని నిజముగా కోసి వరుసగా పేర్చనక్కరలేదు. పుస్తకము చదివి వినిపించువానికి ఒక చీటీ ఇచ్చితిమనుకొందము: ‘12వ పుటలో మొదటి మూడు పంక్తులు చదువుము, పిమ్మట 5వ పుటలో చివరి రెండు, పిమ్మట మరల 12వ పుట.’ వినువారికి అది ఒకే రచనగా తోచును. పుస్తకములో ఒక్క కాగితమును చినుగలేదు. చీటీని మార్చినచో రచన మారును. ధ్వని కూర్పు కూడ ఇట్టి చీటీగా మారెను. అతుకు వద్ద మొదటి ధ్వని అంకెలను క్రమముగా తగ్గు భిన్నములతోను, రెండవ దానిని క్రమముగా హెచ్చు భిన్నములతోను గుణించి కలిపినచో ఏటవాలు బ్లేడు చేసిన పని జరుగును. కోణము 45 డిగ్రీలే యుండనక్కరలేదు. సంధి ఎంతసేపు సాగవలెనో కోరుకొనవచ్చును. పూర్తియైన పాటపై ద్రవము పూసి చూడదగిన గుర్తు ఏదియు మిగులదు. వాటర్‌గేట్ టేపును పరీక్షించిన శాస్త్రజ్ఞుడే, అట్టి పరీక్షకు లొంగని కూర్పునకు కొద్ది సంవత్సరములలోనే దారి వేసెను. సంగీతమునకు మేలు చేయవలెననియే ఆయన ఆ పని చేసెననుటలో సందేహము లేదు.

బల్లపైకి వచ్చిన స్టూడియో

కాంపాక్టు డిస్కు 1982 అక్టోబరులో జపానులో విక్రయమునకు వచ్చెను. దాని ధ్వని సెకనుకు 44,100 కొలతలతో నుండును. ఈ వింత సంఖ్య ఎందులకో పలువురికి తెలియదు. అంకెలను వీడియో టేపుపై నిలుపుచుండిరని చెప్పితిమి గదా. అమెరికా, జపానుల టెలివిజనులో సెకనుకు 60 క్షేత్రములు, ఒక్కొక్క దానిలో వాడదగిన గీతలు 245, గీతకు మూడేసి కొలతలు: గుణించినచో 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రములు, 294 గీతలు, మూడేసి కొలతలు: గుణించినను 44,100. రెండింటికి కుదిరిన సంఖ్య గనుక అది స్థిరపడెను. టెలివిజను గీతల లెక్క పాటల డిస్కులలో అట్లే నిలిచిపోయినది.

ఈ లెక్కన రెండు వైపుల ధ్వనికి నిమిషమునకు 1,05,84,000 బైట్లు కావలెను. అయిదు నిమిషముల పాటకు 5 కోట్ల 29 లక్షలు. 1980 దశకము చివర బల్లపై నుంచుకొను కంప్యూటరులో 40 లేక 80 మెగాబైట్ల డిస్కు ఉండుట గొప్ప. ఒక్క పాటతో అది నిండిపోవును. అందువలన చిన్న కంప్యూటరులు మొదట ధ్వని జోలికి పోక, చేతి కదలికలను పట్టుకొనినవి. 1983లో వివిధ సంస్థల కీబోర్డులు పరస్పరము సంకేతములు ఇచ్చిపుచ్చుకొనుటకు మిడి అను ఒప్పందము ఏర్పడెను. ఏ మెట్టు ఎప్పుడు నొక్కిరి, ఎంత గట్టిగా నొక్కిరి, ఎప్పుడు విడిచిరి — ఇంతే అందులో నుండును. ధ్వని ఉండదు గనుక చోటు అతి స్వల్పము. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టి కంప్యూటరునకు మిడి ద్వారములు పుట్టుకతోనే యుండెను. హాంబుర్గ్ నగరపు స్టైన్‌బెర్గ్ సంస్థ 1989లో దానికై క్యూబేస్ అను సాఫ్ట్‌వేరును విడుదల చేసెను. కాలము ఎడమ నుండి కుడికి, వాద్యములు ఒకదాని క్రింద నొకటి, సంగీత ఖండములు దీర్ఘచతురస్రములుగా కనబడు ఆ తెర అమరికయే నేటి వర్క్‌స్టేషనులలో చాలావానికి నమూనా.

ధ్వని వైపు నుండి వచ్చినవారు పీటర్ గాచర్, ఇవాన్ బ్రూక్స్ అను ఇరువురు కాలిఫోర్నియా యువకులు. వీరు మొదట ఎలక్ట్రానిక్ డ్రమ్ము యంత్రములకు క్రొత్త మ్రోతలు గల చిప్పులను తయారుచేసి అమ్ముచుండిరి. ఆ మ్రోతలను దిద్దుకొనుటకు 1985లో మకింటోష్ కంప్యూటరుపై ఒక సాఫ్ట్‌వేరు వ్రాసిరి. వారి సంస్థ డిజిడిజైన్ 1989లో రెండు ట్రాకుల సౌండ్ టూల్స్‌ను, 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్‌ను విడుదల చేసెను. దాని ధర 6,000 డాలర్లు. నాలుగే ట్రాకులు గల దీనిని 24 ట్రాకుల టేపు యంత్రముతో పనిచేయుచుండిన ఇంజనీరులు తేలికగా చూచిరనుటలో వింత లేదు. 1999లో రికీ మార్టిన్ పాడిన ‘లివిన్ లా వీడా లోకా’ అమెరికాలో మొదటి స్థానము నందెను. ముద్రణ, కూర్పు, మిక్సింగు మూడును ప్రో టూల్స్‌లోనే జరిగి ఆ స్థానమునకు చేరిన మొదటి పాటగా దానిని చెప్పుకొందురు.

ఈ నడుమ మరియొక అడుగు పడెను. ప్రతిధ్వని కలుపుట, గొంతును పదునుచేయుట వంటి పనులకు అంతవరకు ప్రత్యేక పరికరములు గాని, కంప్యూటరులో అమర్చు ప్రత్యేక కార్డులు గాని అవసరముగా నుండెను. 1996లో స్టైన్‌బెర్గ్ వారు వి.ఎస్.టి. అను అమరికతో ఆ పనులను మామూలు కంప్యూటరుకే అప్పగించిరి. ఆ అమరికకు సరిపడు సాధనములను ఇతరులును వ్రాయుటకు వీలు కల్పించిరి. 1999లో వాద్యములు సైతము సాఫ్ట్‌వేరుగా వచ్చినవి.

కంప్యూటరు లెక్కకు కొంత వ్యవధి పట్టును. అంకెలను ఒక్కొక్కటిగా గాక గుంపులుగా తీసికొని లెక్కించును. 256 అంకెల గుంపైనచో సెకనుకు 44,100 చొప్పున సుమారు 5.8 మిల్లీసెకనులు. ఆ కాలములో ధ్వని గాలిలో రెండు మీటర్లు పయనించును. అనగా గాయకునికి తన గొంతు రెండు మీటర్ల దూరమునుండి వినబడినట్లుండును, అది ఓర్చుకొనదగినదే. గుంపు పదింతలైనచో ఎవ్వరును తాళము నిలుపలేరు. వర్క్‌స్టేషను వాడువారు పాడించునప్పుడు గుంపును చిన్నది చేసి, కలుపునప్పుడు పెద్దది చేయుట ఇందులకే.

1997లో వచ్చిన ఆటోట్యూన్ వలన కూర్పు మరియొక మెట్టు ఎక్కెను. దాని నిర్మాత ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూకంప తరంగముల వంటి వానిని విశ్లేషించి భూగర్భమున చమురు వెదకు పనిలో నుండెను. ఒక తరంగమును కొంచెము ఆలస్యము చేసి దానితోనే పోల్చి చూచినచో, ఎంత ఆలస్యమునకు రెండును సరిపోవునో దానినిబట్టి స్వరస్థానము తెలియును. తెలిసిన పిమ్మట దానిని సమీప స్వరమునకు జరుపుట లెక్క పని. 1998లో షెర్ పాడిన ‘బిలీవ్’ పాటలో ఈ సాధనమును కావలెనని మితిమీరి వాడుటతో లోకమంతకు తెలిసెను. కర్ణాటక సంగీతమునకు దీనిని యథాతథముగా వాడుట అనర్థము. గమకమనగా స్వరమునుండి స్వరమునకు జారుటయే గదా! సమీప స్వరమునకు వెంటనే లాగు యంత్రము ఆ జారుడును తప్పుగా నెంచి మెట్లుగా కోసివేయును. సాధనమును నెమ్మదిగా పనిచేయునట్లు అమర్చుకొననిదే గమకము దక్కదు.

ఈ మార్పులు మనవైపునకును త్వరగానే వచ్చినవి. ఏ.ఆర్. రహమాన్ అంతకుముందు రాజ్-కోటి మొదలగు సంగీత దర్శకుల బృందములలో కీబోర్డు వాయించిన యువకుడు. 1989లో మద్రాసులో తన ఇంటిని ఆనుకొని స్వంత స్టూడియో కట్టుకొనెను. 1992లో ‘రోజా’ పాటలు వెలువడి, తెలుగులోనికి కూడ వచ్చినప్పుడు, పాట ఇంత శుభ్రముగా వినబడుట శ్రోతలకు క్రొత్తగా తోచెను. పెద్ద వాద్యబృందమును ఒక్కచోట కూర్చుండబెట్టి ఒకే ఊపున ముద్రించు పద్ధతి క్రమముగా అరుదాయెను. దానితో వందలకొలది వయొలిన్, తబలా కళాకారుల జీవనోపాధియు సన్నగిల్లెను. ఈ నష్టమును యంత్రముల ధర తగ్గుదలలో కలిపి లెక్కించినవారు తక్కువ. న్యూయార్కులో ప్రఖ్యాతమైన హిట్ ఫ్యాక్టరీ స్టూడియో 2005లో మూతపడెను. మరొకవైపు, 2019లో బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమును ఆమె అన్న తమ ఇంటి పడకగదిలో ముద్రించి కూర్చెను. 2020లో దానికి గ్రామీ బహుమతులలో ముఖ్యమైనవి లభించినవి. డబ్బు పెట్టలేనివారికిని దారి తెరువబడినది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పుట్టి 2000 సంవత్సరములో విడుదలైన ఆడాసిటీ, లినక్స్‌పై మొదలైన ఆర్డర్ వంటివాని మూలరూపమును ఎవరైనను చదివి, మార్చి, వాడుకొనవచ్చును.

చీటీ మాట

కూర్పు ఒక చీటీగా మారినదని పైన చెప్పబడెను. ఆ చీటీయే సెషను ఫైలు. ఏ ధ్వనిని ఎచ్చట కోసిరి, ఎంత హెచ్చించిరి, ఏ సాధనముతో మార్చిరి అను సమస్త నిర్ణయములు అందులో నుండును. కోత జాడ పాటలో మిగులకపోయినను చీటీలో సంపూర్ణముగా నుండును. బ్లేడు కాలమున కూర్పు చేయువాని మనస్సులో తప్ప ఇంత వివరము ఎచ్చటను లేదు. కాని ఆ చీటీని చదువగలది దానిని వ్రాసిన సాఫ్ట్‌వేరు మాత్రమే. సంస్థ మూతపడినను, కంప్యూటరు మారినను, వాడిన సాధనము క్రొత్త యంత్రములో పనిచేయకపోయినను చీటీ మూగదగును. 1950లో ముద్రించిన టేపు సరిగా భద్రపరచినచో నేటికిని పలుకును. 1990 దశకపు సెషను ఫైళ్లలో తెరుచుకొననివి ఎన్నో కలవు. ఇందుకై జాగ్రత్త తెలిసినవారు పని ముగియగానే ప్రతి ట్రాకును పాట ఆరంభమునుండి చివరివరకు ఒకే నిడివి గల సాదా ధ్వని ఫైలుగా మార్చి దాచుదురు. ఐరోపా ప్రసార సంఘము 1997లో నిర్ణయించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ రూపము ఇందుకు విరివిగా వాడుకలో నున్నది. అట్లు మార్చినప్పుడు ధ్వని బ్రతుకును గాని, నిర్ణయములు అందులో కరిగిపోవును. కనుక రెండింటిని దాచువారును కలరు.

సెషను ఫైలు చేతికి రానప్పుడు, పూర్తియైన ధ్వని మాత్రమే న్యాయస్థానమునకు వచ్చినప్పుడు ఏమి చేయుదురు? ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఐరోపా నిపుణులు ఒక ఉపాయము కనుగొనిరి. విద్యుత్తు సరఫరా 50 హెర్ట్జ్‌ల వద్ద నుండునని చెప్పుకొందుము గాని, వాడుక హెచ్చుతగ్గులనుబట్టి అది క్షణక్షణము 50కి కొంచెము పైనను క్రిందను ఊగుచుండును. ఆ ఊగుట విద్యుత్ వలయమంతటను ఒకేరీతి నుండును. ఏ రెండు దినములలోను ఒకేవిధముగా నుండదు. దీపములు, పంకాలు, తీగలు గల గదిలో ముద్రించిన మాటల అడుగున ఆ సన్నని రొద చెవికి తెలియకుండ చేరియుండును. మాటలను వడపోసి దానిని మాత్రము వేరుచేసి, సరఫరా సంస్థలోని కొలతలతో పోల్చినచో ముద్రణ ఏ దినమున, ఏ వేళ జరిగినదో చెప్పవచ్చును. నడుమ ఎచ్చటనైన కొంత తీసివేసియున్నచో, మాటలు ఎంత నున్నగా అతికినను, అచ్చట రొద కెరటము వరుస తప్పి ఎగురును.